స్టవ్వు ఉంటే ఇల్లు, లేకపోతే గది

కండక్టరు రిటైరైన మర్నాటి నుంచే ఇంట్లో బస్సు నడపడం మొదలుపెట్టాడు. టైలరమ్మ దగ్గర బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళని "గుమ్మంలో నిలబడొద్దు, లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే" అనేవాడు. లోపల ఖాళీ ఉండేది కాదు. ఉన్న ఒక్క ముందుగదిలో కుట్టుమిషనూ, బట్టల మూటలూ, ఇస్త్రీ బల్లా పోగా మనిషి నిలబడేంత చోటే మిగిలేది. అయినా ఆయన జరపకుండా ఊరుకునేవాడు కాదు. ఉద్యోగమంతా జనాన్ని జరిపిన చెయ్యి, ఇంట్లో కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది?

టైలరమ్మ ఆయన భార్య. ముక్కు మీదే కోపం ఉన్న మనిషి, కానీ పనిమంతురాలు. ఆయన జరపడాన్ని ఓర్చుకుంది. వంటింట్లోకి వచ్చి ఏ డబ్బా ఎక్కడుండాలో చెప్పడాన్నీ ఓర్చుకుంది. ఆయన క్లారినెట్ కొనుక్కొచ్చిన రోజున మాత్రం ఓర్పు చాలలేదు.

ఎక్కడో ఒక బ్యాండు మేళం మూతబడితే, అందులో వాయించేవాడు తన క్లారినెట్‌ని అమ్మకానికి పెట్టాడు. కండక్టరు చూసి మనసు పారేసుకున్నాడు. "ఇన్నేళ్ళూ విజిలే ఊదాను. అందులో ఉన్నది ఒక్కటే కూత. దీంట్లో ఎన్ని చిల్లులున్నాయో చూడు!" అని మురిసిపోతూ భార్యకి చూపించాడు.

"చిల్లులున్నదాన్ని డబ్బులిచ్చి కొన్నారా?" అందామె.

ఆ వాద్యానికి ఆమె పెట్టిన పేరు గొట్టం. పొద్దున్న గొట్టం, మధ్యాహ్నం గొట్టం, దీపాలు పెట్టే వేళకి గొట్టం. ఆయనకి వచ్చింది అర పాట. ఆ అర పాట కూడా సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి తోక తొక్కిన పిల్లిలా కీచుమనేది. ఒకనాడు టైలరమ్మ ఒక పెద్దమనిషి కోటు గుడ్డ కత్తిరిస్తుండగా ఆ కీచు వచ్చింది. కత్తెర ఉలిక్కిపడింది. కోటు చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది.

ఆమె కత్తెర కింద పెట్టి, నెమ్మదిగా లేచి, భర్త ముందుకొచ్చి నిలబడింది. "ఈ ఇంట్లో ఆ గొట్టమైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి."

తేల్చుకోవాల్సిన మాట అది కాదని కండక్టరుకి తెలుసు. కానీ గుమ్మంలో ఇద్దరు ఖాతాదార్లు నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందు తగ్గడమా? "సరే! పెరట్లో గది కట్టుకుంటాను. అక్కడే ఉంటాను. నా వంట నేనే వండుకుంటాను. ఏ గొట్టంగాడి తిండీ నాకక్కర్లేదు!" అన్నాడు. కోపంలో గొట్టంగాడంటే ఎవరో ఆయనా ఆలోచించలేదు.

ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

గది కట్టింది టైలరమ్మ తమ్ముడు. ఊళ్ళో పేరున్న ప్లంబరు, తాపీ పని కూడా తెలిసినవాడు. బావ పిలిచాడని వచ్చాడు, అక్క కంటపడకూడదని పక్కసందులోంచి వచ్చాడు. నాలుగు గోడలూ, పైన రేకులూ, ఒక మూల చిన్న బాత్రూమూ, ఇంకో మూల సింకూ, దాని పక్కన స్టవ్వు పెట్టుకోడానికి గట్టూ. గది బుల్లిదే అయినా ముచ్చటగా వచ్చింది. పెరటి వైపు పెద్ద కిటికీ కూడా పెట్టాడు.

"నీళ్ళు ప్రస్తుతానికి అక్క పంపులోంచి గొట్టం వేశాను బావా. డ్రైనేజీ కూడా ఇంటి లైన్లోనే కలిపాను. కానీ నువ్వు నీళ్ళాఫీసుకెళ్ళి కొత్త కనెక్షనుకి దరఖాస్తు పెట్టు. ఎవరైనా చూస్తే నా లైసెన్సు ఊడుతుంది" అన్నాడు.

తొందరలో కలిపాడేమో, సింకు కింద ఉండాల్సిన వంపు గొట్టం పెట్టడం మర్చిపోయాడు. ఆ వంపులో కాసిని నీళ్ళు నిలిచి ఉంటేనే అటు వాసన ఇటు రాదు. వాసన సంగతి తర్వాత తెలిసింది. ముందు తెలిసింది చప్పుడు. కండక్టరు కొత్త గదిలో సింకు పక్కన స్టూలేసుకుని హాయిగా క్లారినెట్ అందుకున్నాడు. ఇంట్లో టైలరమ్మ గిన్నె కడుగుతోంది. ఆమె సింకులోంచి, నేరుగా ఆమె మొహంలోకి, అర పాట వచ్చింది.

ఆమె గిన్నె వదిలేసి వెనక్కి గెంతింది. తర్వాత సింకు మీదికి వంగి, కన్నంలోకి అరిచింది. "ఆపండి!"

పెరటి గదిలో కండక్టరు కాళ్ళ దగ్గర ఎక్కణ్ణుంచో "ఆపండి" అని వినబడింది. ఉద్యోగం నాటి అలవాటు కొద్దీ "హోల్డాన్!" అని అరిచాడు. తర్వాత ఎవరూ లేరని చూసుకుని సిగ్గుపడ్డాడు.

నీళ్ళాఫీసులో కౌంటరు వెనక ఒక గుమాస్తా అమ్మాయి కూర్చుని ఉంది. జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. కండక్టరు చెప్పిందంతా విని, కంప్యూటర్లో ఏదో కొట్టి, ఒక అంకె చెప్పింది.

కండక్టరు నోరు వెళ్ళబెట్టాడు. "అమ్మాయ్, నేను గది గురించి అడుగుతున్నాను. నువ్వు వీధి మొత్తానికి చెప్పినట్టున్నావు."

"మీ గదికే సార్. నీళ్ళ కనెక్షను, డ్రైనేజీ కనెక్షను, రెండింటికీ డెవలప్‌మెంటు ఛార్జీ, మీటరు, రోడ్డు తవ్వి పూడ్చే ఖర్చు."

"గది కట్టడానికే అంత కాలేదు!"

"గది మీ ఇష్టం వచ్చినంతలో కట్టుకుంటారు. మాకు ట్యాంకులూ, పైపులూ, ఊరి చివర మురుగు శుద్ధి చేసే ప్లాంటూ కట్టాలి కదా." ఆమె తుమ్మి, మళ్ళీ అందుకుంది. రోజూ చెప్పే మాటలే కాబట్టి ఊపిరి తీసుకునే చోట్లు కూడా ఆమెకి ఖాయంగా తెలుసు. "ఊరు పెరుగుతోంది సార్. కొత్త ఇల్లు వస్తే కొత్తగా నీళ్ళు వాడుతుంది, కొత్తగా మురుగు వదుల్తుంది. ఆ ఖర్చు ఎప్పణ్ణుంచో ఉన్నవాళ్ళ నెత్తిన వేయకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళే కట్టాలి."

"నేను కొత్తగా రాలేదమ్మా! పుట్టినప్పణ్ణుంచీ ఈ ఊరి నీళ్ళే తాగి ఈ ఊరి డ్రైనేజీలోకే వదుల్తున్నాను. ముందుగదిలోంచి వెనకగదిలోకి మారినంత మాత్రాన రెట్టింపు వదుల్తానా?" వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టరుకి హుషారొచ్చింది. "బస్సులో సీటు మారితే మళ్ళీ టికెట్టు కొడతామా? చెప్పు!"

గుమాస్తా కళ్ళెత్తి చూసింది. "సీటు మారితే కొట్టరు సార్. బస్సు మారితే?"

బస్సు మారి పాత టికెట్టు చూపించిన వాళ్ళని ఆయన ఎంతమందిని దించేశాడో ఆయనకే లెక్క లేదు.

ఆ పిల్లకి జాలేసిందేమో, గొంతు తగ్గించి చెప్పింది. "చూడండి, అది ఇంట్లో భాగమే అయితే ఛార్జీ లేదు. ఒకే కుటుంబం, ఒకే వంట అయితే పాత లైన్లోంచే కలుపుకోవచ్చు. వంట వేరైతే మాత్రం వేరే ఇల్లు కిందే లెక్క. స్టవ్వు ఉంటే ఇల్లు, లేకపోతే గది. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తారు."

కండక్టరు ఇంటికొచ్చి చేసిన మొదటి పని స్టవ్వుని మంచం కింద దాచడం. రెండో పని బావమరిదిని రాయబారం పంపడం.

"ఇన్‌స్పెక్టరు వస్తే ఒకే కుటుంబం అని ఒక్క మాట చెప్పమను. పోయేది లేదుగా" అన్నాడు.

బావమరిది వెళ్ళి, వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు. "అక్క ఉన్నదున్నట్టు చెబుతానంటోంది."

"ఉన్నదంటే ఏంటట?"

"అది నన్నడక్కు బావా. ఆ సింకు సంగతి మాత్రం నన్ను బాగా అడిగింది." వాడు చెవి తడుముకున్నాడు. చెవి కాస్త ఎర్రగానే ఉంది.

ఇన్‌స్పెక్టరు ఒక మధ్యాహ్నం పూట వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చేతిలో అట్ట, చెవి వెనక పెన్సిలు. ముందుగా పెరటి గది చూశాడు. సింకు చూశాడు, గట్టు చూశాడు. గట్టు మీద గుండ్రంగా మసి మరక ఉంది. అదేమిటని అడగకముందే కండక్టరు "నీడండీ" అన్నాడు. ఇన్‌స్పెక్టరు వేలితో రాసి వేలు చూసుకున్నాడు. అక్కణ్ణుంచి ఇంట్లోకి నడిచాడు.

టైలరమ్మ మిషను ఆపి లేచింది.

"అమ్మా, ఆ గదిలో ఉండే ఆయనా, మీరూ ఒక కుటుంబమా, రెండా?"

గుమ్మంలో నిలబడ్డ కండక్టరు భార్య మొహంలోకే చూస్తున్నాడు. ఇన్నాళ్ళలో ఆయన ఆమెను సూటిగా చూడటం అదే మొదలు. నవ్వు మొహం పెట్టాలా, దీనంగా పెట్టాలా తేలక రెండూ కలిపి పెట్టాడు.

"ఆయన వంట ఆయనదీ, నా వంట నాదీ. మా మధ్య మాటల్లేవు" అందామె. "రెండే రాసుకోండి. రాసుకుని, ఆయన డ్రైనేజీ ఆయనకి వేరే వేయించండి బాబూ, పుణ్యముంటుంది. నా సింకు పాడుతోంది."

"సింకు పాడైందా?"

"పాడవలేదు. పాడుతోంది."

ఇన్‌స్పెక్టరుకి అర్థం కాలేదు. బావమరిది ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి సింకు దగ్గర నిలబెట్టాడు. కండక్టరు గదిలోకెళ్ళి ఊదాడు. ఆయన మనసేం బాగోలేదు, అందుకని కీచు ఇంకా ముందే వచ్చింది. సింకు కన్నానికి చెవి ఆనించి ఉన్న ఇన్‌స్పెక్టరు నిటారుగా లేచి, కుళాయికి తల కొట్టుకున్నాడు. తల రుద్దుకుంటూనే రాసుకున్నాడు. రెండు కుటుంబాలు.

ఆయన వెళ్ళిపోయాక కండక్టరు మంచం కిందనుంచి స్టవ్వు బయటికి లాగాడు. దాచాల్సిన పని ఇంక లేదు. గుడ్డు పగలగొట్టి పెనం మీద వేశాడు. రెండే రాసుకోండి, అంది. ఎంత తేలిగ్గా అనేసింది! తను కోపంలో అన్నాడు, అరిచి అన్నాడు, అది వేరు. ఆమె అరవకుండా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఆలోచనలో పడేసరికి గుడ్డు మాడింది. రోజూ మాడుతూనే ఉంది, కానీ ఆ రోజు అది మింగుడు పడలేదు.

"కడతాను" అన్నాడు బావమరిదితో. "దాచుకున్నదంతా పోసైనా సరే కడతాను. వేరే బస్సే కదా, టికెట్టు కొనే ఎక్కుతాను."

"అప్పు మాత్రం నన్నడక్కు బావా" అన్నాడు వాడు.

డబ్బు కట్టడానికి ఆయన ఒక్కడే వెళితే చాలదని ఆఫీసునుంచి కబురొచ్చింది. స్థలం టైలరమ్మ పేరున ఉంది. ఆమె వచ్చి సంతకం చేయాలి. ఇద్దరూ ఒకే బస్సెక్కారు. ఎడం ఎడంగా నిలబడ్డారు. బస్సు కండక్టరు కొత్త కుర్రాడు, పాతాయన్ని ఎరగడు. దగ్గరికొచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "కలిపి కొట్టనా, విడివిడిగానా?" అన్నాడు.

"విడివిడిగా" అన్నాడు ఆయన.

"కలిపి కొట్టు. చిల్లర లేదు" అందామె.

కుర్రాడు కలిపే కొట్టాడు. ఆ టికెట్టు ఎవరి చేతికివ్వాలో తెలియక ఇద్దరి మధ్యా గాల్లో పట్టుకు నిలబడ్డాడు. చివరికి కండక్టరే తీసుకున్నాడు. టికెట్టు సరిగ్గా చింపలేదని మనసులో అనుకున్నాడు గానీ పైకి అనలేదు. ఇంకెప్పుడైనా అయితే అనేవాడు.

ఆఫీసులో అదే గుమాస్తా. జలుబు తగ్గింది. ఒక కాగితం టైలరమ్మ ముందుకి జరిపింది. "చదివి కింద సంతకం పెట్టండమ్మా."

టైలరమ్మ దేన్నీ చూడకుండా కత్తిరించే మనిషి కాదు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదవడం మొదలుపెట్టింది. "నా స్థలంలో వెనక భాగంలో నివసించు పై వ్యక్తి నా కుటుంబమునకు చెందినవాడు కాడనియు... ఆయనకును నాకును ఎట్టి సంబంధమును లేదనియు..." ఆగింది. కళ్ళజోడు పైనుంచి గుమాస్తాని చూసింది. "ఇదేంటమ్మా?"

"మామూలుగా అందరికీ ఉండేదేనమ్మా."

"ఎట్టి సంబంధమూ లేదని నేనెలా రాసిస్తాను? నా మొగుడు కదా!"

"మరి రెండు కుటుంబాలని మీరే చెప్పారట."

"మాటల్లేవన్నాను. సంబంధం లేదని ఎప్పుడన్నాను? మాటలు లేనంత మాత్రాన సంబంధం పోతుందా? అలా అయితే ఈ ఊళ్ళో ఎంతమందికి మిగులుతుంది?"

క్యూలో ఉన్న ఒక ముసలావిడ "బాగా అడిగావు తల్లీ" అంది. ఆవిడ వెనకున్న ఆయన చెవి కాస్త ముందుకి పెట్టాడు.

"ఈ లైను కొట్టేసి ఇవ్వు, సంతకం పెడతాను" అంది టైలరమ్మ.

"కొట్టేయడానికి నాకు అధికారం లేదమ్మా. సంబంధం లేకపోతేనే ఇది వేరే ఇల్లు. వంట వేరని కూడా చెప్పారు కదా."

"వంటా!" టైలరమ్మ గొంతు ఆఫీసంతా వినబడింది. "ఆయన వండేదాన్ని వంటంటారా? రోజూ ఒక గుడ్డు తీసుకుని మాడ్చడం, తినడం. ఆ వాసన నా సింకులోంచి వస్తుంది. వాసన రాగానే గిన్నెలో అన్నం పెట్టి మూత వేస్తాను. ఆకలేసి తలుపు కొడతాడేమోనని! కొట్టడు. పంతం. మర్నాడు అదంతా నేనే తినాలి. మాడు గుడ్లు తిని తిని, పొద్దున చూస్తే ఆయన మొహం కూడా మాడిపోయింది. దీన్ని వేరే వంట కింద రాస్తే మీ ఆఫీసుకే పరువు తక్కువ!"

మూత వేసిన గిన్నె సంగతి కండక్టరుకి తెలియదు. వాసన వెళుతోందనీ తెలియదు. పాట వెళ్ళిందని మాత్రమే అనుకున్నాడు.

"అంటే ఒకే కుటుంబమా?" గుమాస్తా ఈసారి ఆయన్ని అడిగింది. "మీరేమంటారు సార్?"

నీళ్ళాఫీసులో నిలబడి కండక్టరు నీళ్ళు నమిలాడు. క్యూ అంతా ఆయన వైపే చూస్తోంది. జనం ముందు తగ్గడం ఆయనకెప్పుడూ కష్టమే. ఆ కష్టం వల్లే గది కట్టాడు. జేబులో చెయ్యి పెడితే టికెట్టు తగిలింది. తీసి కౌంటరు మీద పెట్టాడు.

"కలిపే వచ్చాం" అన్నాడు.

గుమాస్తా దాన్ని తిప్పి చూసింది. "ఇది మాకు చెల్లదు సార్" అంటూనే నవ్వింది. ఆ కాగితం వెనక్కి తీసుకుని ఇంకోటి రాసింది. ఛార్జీ లేదు. పాత లైను, పాత మీటరే. స్టవ్వు మాత్రం ఆ గదిలో ఉండకూడదు, ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి చూస్తాడు.

"వస్తే భోజనం వేళకి రమ్మనండి" అంది టైలరమ్మ సంతకం పెడుతూ. "తలకి ఎలా ఉందిట?"

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే చోట కూర్చుని తిన్నారు. కూరలో ఉప్పు తక్కువైంది. కండక్టరు రెండు సార్లు నోరు తెరిచాడు, రెండు సార్లూ ముద్ద పెట్టుకుని మూసేశాడు. మూడోసారి ఆమే ఉప్పు డబ్బా ఆయన వైపు జరిపి, "అనండి, అనకపోతే అరగదు మీకు" అంది. "కొంచెం తగ్గింది" అన్నాడాయన. "నాలుక ఎక్కువైంది" అందామె. అక్కణ్ణుంచి మాటలు మళ్ళీ దారిలో పడ్డాయి. పోట్లాటలు కూడా.

బావమరిది సింకు కింద వంపు గొట్టం పెట్టాడు. గది కట్టిన కూలికి స్టవ్వు పట్టుకుపోయాడు. చాలదని సణుక్కుంటూనే పట్టుకుపోయాడు. కూలి తర్వాతైనా ఇస్తామని అక్క అంటే, "స్టవ్వు ఉంటే మీరు మళ్ళీ విడిపోతారు, నేను రోడ్డు తవ్వాల్సొస్తుంది" అన్నాడు.

వంట లేని గదిలో కండక్టరు ఎన్నాళ్ళుంటాడు? తినడానికి ఇంట్లోకి వచ్చేవాడు, తిన్నాక కునుకు కూడా అక్కడే తీసేవాడు. ఆయన కునుకు తీస్తుండగా టైలరమ్మ ఒకసారి ఆ గదిలోకెళ్ళి చూసింది. పెద్ద కిటికీ. మధ్యాహ్నం దాకా మంచి వెలుతురు. నల్ల గుడ్డ మీద నల్ల దారం కూడా కనబడేంత వెలుతురు. పైగా బేరాలాడేవాళ్ళు ఎవరూ అంత దూరం రారు. వారం తిరక్కుండా మిషను అక్కడికి మారింది. దాని వెనకే బట్టల మూటలు, ఇస్త్రీ బల్ల. ఆయన మంచం బయటికొచ్చింది.

"ఇది నా గది!" అన్నాడు కండక్టరు.

"గదే కదా. ఇల్లు కాదుగా" అందామె సూది నోట్లో పెట్టుకుని.

అలా ముందుగది ఆయనదైంది. అందులో నిజంగానే ఖాళీ ఉంది ఇప్పుడు. ఆయన నాలుగు కుర్చీలు వరసగా వేయించాడు. వచ్చినవాళ్ళకి చీటీ చింపి ఇస్తాడు, వరస తప్పితే ఊరుకోడు. కొలతలు ఇవ్వాల్సినవాళ్ళని వెనక్కి పంపిస్తాడు, ఇచ్చేసినవాళ్ళని పక్కసందులోంచి దింపేస్తాడు. ఎదురుచూసేవాళ్ళకి విసుగు రాకుండా క్లారినెట్ వాయిస్తాడు. మునుపు గంటల తరబడి కూర్చుని కబుర్లు చెప్పే ఖాతాదార్లు ఇప్పుడు బట్టలిచ్చి వెంటనే వెళ్ళిపోతున్నారు. దానివల్ల టైలరమ్మకి పని చురుగ్గా సాగుతోంది. అది పాట మహిమేనని ఆయన నమ్మకం. ఆమె కూడా కాదనదు.

ఒకనాటి మధ్యాహ్నం ఆమె వంటింట్లోంచి భోజనానికి రమ్మని కేకేసింది. కండక్టరు కుర్చీల్లో మిగిలిన ఒక్క మనిషినీ చూశాడు.

"వస్తున్నా. ఇంకొక్క ట్రిప్పుంది."

"ట్రిప్పూ లేదు, ఏమీ లేదు. చల్లారిపోతుంది, రండి."

ఆయన చీటీల కట్ట జేబులో పెట్టుకుని లేచాడు.